లారీ డ్రైవరుపై చలానా: లిఖితపూర్వక అభ్యంతరానికి చట్టం చూపిన మార్గం

(ప్రత్యేక వ్యాసం – ప్రచురణార్థం)

రహదారిపై వాహనాన్ని ఆపి ఇచ్చిన చలానా గానీ, కెమెరా చిత్రం ఆధారంగా యజమాని చిరునామాకు చేరిన ఈ-చలానా గానీ ఒక ఆరోపణ మాత్రమే. నేరం జరిగినట్లు నిర్ధారించి శిక్ష విధించే అధికారం న్యాయస్థానానిదే. ఆరోపణను అంగీకరించి రుసుము చెల్లించడానికీ, అంగీకరించక తన వాదన వినిపించుకోవడానికీ మోటారు వాహనాల చట్టం-1988 సమానంగా అవకాశం కల్పించినది. అయినప్పటికీ లారీ డ్రైవర్లలో చాలామంది ఆరోపణ తప్పని తెలిసి కూడా, కోర్టు చుట్టూ తిరిగితే ట్రిప్పు పోతుందన్న భయంతో డబ్బు కట్టి కదిలిపోతున్నారు. ఆ నిర్ణయ పర్యవసానం ఆ రోజు చెల్లించిన మొత్తంతో ముగియదు. తప్పు చలానాపై గడువులోగా, ఆధార సహితంగా, లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపడమే డ్రైవరుకు జీవనాధారమైన లైసెన్సుకు రక్షణ. ఈ విషయమై చట్టంలోనూ, నిబంధనల్లోనూ ఉన్న ముఖ్యాంశాలను పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల అవగాహన కొరకు ఈ దిగువ వివరించడమైనది.

చెల్లింపుతో ముగియని బాధ్యత

చలానాపై అక్కడికక్కడే చెల్లించే మొత్తాన్ని వాడుకలో జరిమానా అంటున్నారు. చట్టపరంగా అది జరిమానా కాదు. 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన రాజీ రుసుము. జరిమానా కోర్టు విధించేది. రాజీ రుసుము ఆరోపణకు గురైన వ్యక్తి తన ఇష్టపూర్వకంగా చెల్లించి కేసును ముగించుకునేది. ఈ రుసుములను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది గనుక ఒకే ఉల్లంఘనకు ఆంధ్రప్రదేశ్‌లో ఒక మొత్తం, పొరుగు రాష్ట్రంలో మరొక మొత్తం ఉండవచ్చు.

2019 నాటి సవరణ చట్టం 200వ సెక్షన్‌కు ఒక ముఖ్యమైన షరతును చేర్చినది. దాని ప్రకారం రాజీ రుసుము చెల్లించి ముగించుకున్న ఉల్లంఘనను సైతం, తర్వాత అదే ఉల్లంఘన జరిగినప్పుడు, మొదటి నేరంగానే లెక్కిస్తారు. అంటే చేయని తప్పుకు డబ్బు కట్టిన డ్రైవరు, మరొకసారి నిజంగా ఆ తప్పు చేస్తే చట్టం దృష్టిలో రెండవసారి నేరం చేసినవాడవుతాడు. అంతేగాక, రాజీ రుసుము చెల్లించినంత మాత్రాన 206వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ కింద లైసెన్సుపై తీసుకునే చర్య ఆగిపోదు.

ఈ ఉపసెక్షన్ ప్రకారం మితిమీరిన వేగం, ప్రమాదకరంగా నడపడం, మద్యం సేవించి నడపడం వంటి ఉల్లంఘనలు జరిగినట్లు నమ్మడానికి కారణం ఉన్నప్పుడు అధికారి లైసెన్సును స్వాధీనపరచుకొని, లైసెన్సు జారీచేసే అధికారికి పంపాలి. 19వ సెక్షన్ ప్రకారం ఆ అధికారి మొదటి నేరానికి మూడు నెలలపాటు అనర్హత విధించవచ్చు. రెండవ లేదా తదుపరి నేరానికి లైసెన్సును రద్దు చేయవచ్చు. సొంత కారు నడుపుకునే వ్యక్తికి మూడు నెలల అనర్హత ఒక అసౌకర్యం. జీతమూ బత్తా మీద ఆధారపడిన లారీ డ్రైవరుకు అది మూడు నెలల నిరుద్యోగం. కావుననే చెల్లించాలా, అభ్యంతరం చెప్పాలా అన్న నిర్ణయం రుసుము ఎంత అన్నదానిపై కాక, ఆరోపణ నిజమా కాదా అన్నదానిపై ఆధారపడవలసి ఉన్నది. ఆరోపణ నిజమైనప్పుడు రుసుము చెల్లించి, ఉల్లంఘన పునరావృతం కాకుండా జాగ్రత్తపడటమే ఉత్తమం.

లిఖితపూర్వక అభ్యంతరానికి మూడు దశలు

మొదటి దశ, చలానా జారీచేసిన అధికారి కార్యాలయం. చలానా ట్రాఫిక్ పోలీసులు ఇచ్చినదైతే ఆ విభాగపు అధికారికి, రవాణా శాఖ వారు – డ్రైవర్ల వాడుకలో 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' – ఇచ్చినదైతే ఆ పరిధిలోని రవాణా అధికారికి అభ్యంతర పత్రం సమర్పించాలి. కేంద్ర రహదారి రవాణా శాఖ నిర్వహిస్తున్న ఈ-చలానా వెబ్‌సైటులో కూడా చలానా సంఖ్య ఆధారంగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెంబరు పొరపాటు, ఒకే ఉల్లంఘనకు రెండు చలానాలు, వేరొక వాహనపు ఫోటో వంటి స్పష్టమైన దోషాలు ఈ దశలోనే పరిష్కారం కాదగినవి.

రెండవ దశ, లైసెన్సు అధికారి విచారణ. లైసెన్సును అనర్హం చేయడానికి ముందు డ్రైవరుకు తన వాదన వినిపించే అవకాశం ఇవ్వడం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. నోటీసుకు రాతపూర్వక సమాధానం ఇచ్చి, దాని ప్రతిపై అందినట్లు ముద్ర వేయించుకోవాలి. అనర్హత ఉత్తర్వు వెలువడితే అది అందిన 30 రోజుల్లోగా నిర్ణీత అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

మూడవ దశ, న్యాయస్థానం. ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. 208వ సెక్షన్ ప్రకారం చిన్న నేరాల సమన్లలో ముద్దాయికి రెండు మార్గాలు చూపుతారు. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ హాజరు కావడం ఒకటి. విచారణ తేదీకి ముందే నేరాన్ని అంగీకరిస్తూ కోర్టు పేర్కొన్న మొత్తాన్ని పంపడం రెండవది. ఉత్తరం ద్వారా ముగించుకోగలిగేది నేరాంగీకారాన్ని మాత్రమే. నేరాన్ని కాదనేవారు కేవలం ఉత్తరం పంపి ఊరుకోరాదు. స్వయంగానో న్యాయవాది ద్వారానో హాజరు కావాలి. అయితే మొదటి దశలో ఇచ్చిన అభ్యంతర పత్రం, దానికి జతపరచిన ఆధారాలు కోర్టులో డ్రైవరు వాదనకు పునాది అవుతాయి. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే రాసి ఇచ్చిన మాటకు, నెలల తర్వాత నోటితో చెప్పిన మాటకు లేని బలం ఉంటుంది.

చలానా చేతికి అందగానే పరిశీలించవలసినవి

అభ్యంతరం రాయడానికి ముందు చలానాను ఆసాంతం చదవాలి. వాహనం నెంబరు, వాహన తరగతి, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించినట్లు చెబుతున్న సెక్షన్, జారీచేసిన అధికారి పేరు, హోదా, చెల్లింపునకు లేదా అభ్యంతరానికి ముద్రించిన గడువు – వీటిని ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. గడువు విషయంలో చలానాపై ఉన్న తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి. ఆ తేదీ దాటిపోయిన తర్వాత ఎంత బలమైన ఆధారానికైనా విలువ తగ్గుతుంది. పైగా బకాయిపడిన చలానాలు ఫిట్‌నెస్, పర్మిటు వంటి సేవల సమయంలో అవరోధంగా మారతాయి.

లారీ నెంబరుపై హెల్మెట్ ధరించలేదన్న చలానా రావడం, ఆంగ్ల అక్షరం 'బి'ని 8 అంకెగా పొరబడటం, ఎవరో నకిలీ నెంబరు ప్లేటు తగిలించుకుని తిరగడం వంటి సందర్భాల్లో చలానాలోని ఫోటోయే తొలి సాక్ష్యం. ఫోటోలో కనిపించే బండి రంగు, బాడీ, ఇరుసుల సంఖ్య, ముందు అద్దంపై రాతలు తన లారీకి ఎలా భిన్నమో చూపుతూ, తన లారీ ఫోటోలను జతపరచాలి. నకిలీ ప్లేటు అని అనుమానం కలిగితే పోలీసు స్టేషన్‌లో కూడా ఫిర్యాదు చేసి, ఆ ప్రతిని జోడించడం అవసరం.

ఆ సమయంలో బండి వేరొక చోట ఉన్నదని నిరూపించడానికి ఫాస్టాగ్ లెక్క మిక్కిలి ఉపయుక్తం. ఉదాహరణకు, 16వ నెంబరు జాతీయ రహదారిపై తడ వద్ద ఉదయం 10 గంటలకు వేగం మించినట్లు చలానా రాగా, అదే సమయానికి ఆ లారీ 500 కిలోమీటర్లకు పైగా దూరంలో తుని సమీపంలోని టోల్‌గేటు దాటినట్లు బ్యాంకు ఇచ్చిన ఫాస్టాగ్ వివరం ఉంటే, ఆ ఒక్క కాగితం పేజీల కొద్దీ వాదన కన్నా మిన్న. ఈ-వే బిల్లు, లారీ రసీదు, డీజిలు బిల్లు, సరుకు దించిన చోట ఇచ్చిన రసీదు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

కెమెరా చలానాకు ఉండవలసిన లక్షణాలు

2019 సవరణ ద్వారా చేరిన 136-ఎ సెక్షన్ రహదారులపై ఎలక్ట్రానిక్ నిఘాకు వీలు కల్పించినది. దీని అమలుకు కేంద్ర ప్రభుత్వం 11-08-2021న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167-ఎ నిబంధనను చేర్చినది. దాని ప్రకారం వేగాన్ని కొలిచే కెమెరా, స్పీడ్‌గన్ వంటి పరికరాలకు రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన అధికారి ఆమోద ధ్రువపత్రం ఉండాలి. దానిని ఏటా పునరుద్ధరించాలి. నిఘా ఉన్నదని తెలిపే హెచ్చరిక బోర్డులను రహదారిపై స్పష్టంగా కనిపించేటట్లు పెట్టాలి.

ఈ విధంగా జారీ అయిన చలానాతోపాటు ఉల్లంఘనను, నెంబరు ప్లేటును స్పష్టంగా చూపే ఫోటో, పరికరం నమోదు చేసిన కొలత, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్ వివరం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువీకరణ ఉండాలి. నిబంధన రూపొందిన నాడు ఈ ధ్రువీకరణ 1872 నాటి సాక్ష్య చట్టం 65-బి సెక్షన్ కింద ఉండేది. 01-07-2024 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం-2023 అమలులోకి వచ్చినందున, అందులోని 63వ సెక్షన్ దానికి సమానమైనది. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని, చలానా పరిష్కారమయ్యే వరకు ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచాలని కూడా ఈ నిబంధన నిర్దేశించినది. వీటిలో ఏది లోపించినా అభ్యంతర పత్రంలో దానిని పేర్కొని, సంబంధిత ప్రతిని కోరవచ్చు.

వేగం ఆరోపణ

భారీ సరుకు వాహనం వేగ పరిమితి మీరితే 183వ సెక్షన్ కింద రూ. 2,000 నుంచి రూ. 4,000 వరకు జరిమానా ఉంటుంది; రెండవసారి అయితే లైసెన్సును స్వాధీనపరచుకుంటారు. ఇంతటి పర్యవసానం ఉన్నందుననే చట్టం రెండు రక్షణలను కూడా ఏర్పరచినది. ఒకే సాక్షి తన అభిప్రాయం ప్రకారం బండి వేగంగా వెళ్లినదని చెప్పినంత మాత్రాన, ఆ అభిప్రాయం యంత్ర లేదా ఎలక్ట్రానిక్ పరికరపు కొలతపై ఆధారపడనిదే, శిక్ష విధించరాదని అదే సెక్షన్ 3వ ఉపసెక్షన్ పేర్కొంటున్నది.

రెండవది 209వ సెక్షన్. వేగం, ప్రమాదకర డ్రైవింగ్ కేసుల్లో నేరం జరిగిన సమయంలోనే డ్రైవరును హెచ్చరించి ఉండాలి. లేదా 14 రోజుల్లోగా నేర స్వభావం, సమయం, స్థలం తెలిపే నోటీసును అతనికి గానీ రిజిస్టరు యజమానికి గానీ అందజేసి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉండాలి. లేదా 28 రోజుల్లోగా సమన్లు అందజేసి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ జరగనప్పుడు శిక్ష చెల్లదు. తగిన శ్రద్ధ వహించినా పేరు, చిరునామా సకాలంలో తెలియని సందర్భాలకు, ముద్దాయి ప్రవర్తన కారణంగానే జాప్యం జరిగిన సందర్భాలకు ఈ రక్షణ వర్తించదు. కావున నోటీసు ఏ తేదీన అందినదో కవరుపై తపాలా ముద్రతో సహా భద్రపరచుకోవడం ముఖ్యం.

అధిక లోడు: సి-బుక్కే ప్రమాణం

లారీ డ్రైవర్లకు అన్నింటికన్నా భారమైన ఆరోపణ ఇదే. 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు రూ. 20,000, దానికి అదనంగా మించిన ప్రతి టన్నుకు రూ. 2,000 చొప్పున చెల్లించాలి. అదనపు సరుకును దింపే ఖర్చు కూడా భరించాలి. సరుకు దించేవరకు బండి కదలరాదు. రుసుము చెల్లించినంత మాత్రాన అధిక లోడుతో ప్రయాణం కొనసాగించే హక్కు రాదని సుప్రీంకోర్టు 2005లో పరమ్‌జిత్ భాసిన్ కేసులో స్పష్టం చేసినది. బండి కాటాకు రావడానికి నిరాకరిస్తే రూ. 40,000 జరిమానా ఉన్నందున, ఎంతటి అభ్యంతరం ఉన్నప్పటికీ డ్రైవరు కాటాకు సహకరించి, తర్వాతనే అభ్యంతరం తెలపాలి.

లోడు ఎక్కువా కాదా అన్నది నిర్ణయించేది అధికారి అంచనా కాదు. చక్రాలు ఎంత అణిగాయన్నదీ కాదు. 113వ సెక్షన్ ప్రకారం సి-బుక్‌లో నమోదైన మొత్తం బరువును లోడుతో కూడిన బండి బరువు మించినదా అన్నదే ప్రశ్న. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసుల వారీ బరువు పరిమితులను పెంచినది. మూడు ఇరుసుల లారీకి 25 టన్నులుగా ఉన్న పరిమితి 28.5 టన్నులు అయినది. ఈ పెంపు ప్రకారం సి-బుక్‌లో 28,500 కిలోలు నమోదై ఉన్న లారీ కాటాపై 28,000 కిలోలు తూగినదనుకుందాం. అది పరిమితికి లోబడే ఉన్నది. పాత పరిమితి 25,000 కిలోలను ప్రమాణంగా తీసుకుంటే మాత్రం మూడు టన్నుల అధిక లోడు తేలుతుంది; చట్టం ప్రకారం ఆ మొత్తం రూ. 26,000 అవుతుంది. సి-బుక్ ప్రతి జతపరచిన ఒక్క అభ్యంతర పత్రం ఆ మొత్తాన్ని నిలువరించగలదు. ఇందుకు విరుద్ధంగా, సి-బుక్‌లో 25,000 కిలోలే నమోదై ఉండగా కొత్త పరిమితి తనకు వర్తిస్తుందని భావించి లోడు వేసిన డ్రైవరుకు ఈ రక్షణ లభించదు.

తూకం ఎక్కడ, ఎట్లా వేయాలో 114వ సెక్షన్ చెబుతున్నది. అధీకృత అధికారి తాను నమ్మడానికి కారణం ఉన్నప్పుడు, ముందుకు వెళ్లే దారిలో 10 కిలోమీటర్లలోపు గానీ, గమ్యస్థానానికి 20 కిలోమీటర్లలోపు గానీ ఉన్న కాటాకు బండిని తీసుకెళ్లమని ఆదేశించవచ్చు. తూకంలో అధిక లోడు తేలితే దానిని దింపవలసిందిగా లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ వివరాన్ని పర్మిటుపై నమోదు చేయాలి. కాటా చీటీ లేని అధిక లోడు చలానాపై డ్రైవరు అడగవలసిన మొదటి ప్రశ్న తూకం ఎక్కడ జరిగినదన్నదే. కాటాలను తూనికలు కొలతల శాఖ 12 నెలలకొకసారి పరీక్షించి ముద్ర వేయవలసి ఉన్నందున, ఆ ధ్రువపత్రం తేదీని కూడా అడగవచ్చు.

లోడు వేసిన చోట తీసుకున్న కాటా చీటీకీ, తనిఖీలో వచ్చిన తూకానికీ తేడా ఉన్నప్పుడు కారణాన్ని నిజాయితీగా పరిశీలించాలి. 300 లీటర్ల డీజిలు సుమారు 250 కిలోలు తూగుతుంది. వానలో తడిసిన ఇసుక బరువు పెరుగుతుంది. ఇటువంటి తేడాకు వివరణ ఉన్నప్పటికీ, తూగిన బరువు సి-బుక్ పరిమితిని మించినంతవరకు ఆ వివరణ రక్షణ కాజాలదు. టార్పాలిన్ కప్పడం, పరిమితికి కొంత తక్కువగానే లోడు వేయించుకోవడం డ్రైవరు తన చేతిలో ఉంచుకోగల జాగ్రత్తలు.

పత్రాలు చూపలేదన్న ఆరోపణ

లైసెన్సు, సి-బుక్, ఫిట్‌నెస్, పర్మిటు, బీమా పత్రాలను కాగిత రూపంలోనే కాక ఎలక్ట్రానిక్ రూపంలోనూ చూపవచ్చునని 2018లో సవరించిన 139వ నిబంధన పేర్కొన్నది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసిన పత్రాలను కాగిత రూపంలో అడగరాదని 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన సవరణ స్పష్టం చేసినది. డిజిలాకర్‌లో లేదా ఎం-పరివాహన్ యాప్‌లో చెల్లుబాటయ్యే పత్రం చూపినప్పటికీ చలానా జారీ అయితే, ఆ పత్రం ప్రతిని, అది తనిఖీ తేదీ నాటికి చెల్లుబాటులో ఉన్నదన్న వివరాన్ని జతపరచి రద్దు కోరవచ్చు. ఫోన్‌లో తీసుకున్న ఫోటో మాత్రం ఈ కోవలోకి రాదు.

లైసెన్సును స్వాధీనపరచుకున్న అధికారి విధిగా తాత్కాలిక రసీదు ఇవ్వాలి. 206వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ కింద స్వాధీనపరచుకున్న సందర్భంలో తప్ప, ఆ రసీదుపై పేర్కొన్న తేదీ వరకు లేదా లైసెన్సు తిరిగి ఇచ్చేవరకు, ఏది ముందైతే అంతవరకు, డ్రైవరు బండి నడపవచ్చు.

యజమాని, డ్రైవరు: ఎవరి బాధ్యత ఎంత

కెమెరా చలానా రిజిస్టరు యజమాని పేరున వస్తుంది. ఆ సమయంలో బండి నడిపిన డ్రైవరు ఎవరో అధీకృత పోలీసు అధికారి అడిగినప్పుడు చెప్పడం 133వ సెక్షన్ ప్రకారం యజమాని విధి. డ్రైవర్లు మారుతూ ఉండే లారీలకు ట్రిప్పు షీట్ల నిర్వహణ ఈ కారణంగానే అవసరం. ఏ ట్రిప్పులో ఏ చలానా వచ్చినదో తెలియకుండానే డ్రైవరు జీతం నుంచి కోత విధించడం అన్యాయానికి దారితీస్తుంది.

అధిక లోడు విషయంలో డ్రైవరు ఒక్కడే బాధ్యుడు కాడు. నడిపినవారితోపాటు నడిపించినవారు, నడపనిచ్చినవారు కూడా 194వ సెక్షన్ పరిధిలోకి వస్తారు. డ్రైవరు యజమాని కానప్పుడు, యజమానికి తెలిసే లేదా అతని ఆదేశం మేరకే అధిక లోడు వేసినట్లు కోర్టు భావించవచ్చునని 113వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ చెబుతున్నది. వేగం విషయంలోనూ, పరిమితి మీరితే తప్ప చేరలేని సమయానికి సరుకు చేర్చాలని ఆదేశించడం, ఆ ఆదేశం ఇచ్చినవారిపైనే ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. యజమాని రాతపూర్వకంగా గానీ ఫోన్ సందేశం ద్వారా గానీ ఇచ్చిన అటువంటి ఆదేశాలను డ్రైవరు భద్రపరచుకోవడం మేలు.

అభ్యంతర పత్రం నమూనా

అభ్యంతర పత్రం ఒక పేజీకి మించనవసరం లేదు. ఆవేశం, ఆరోపణలు, అధికారి ఉద్దేశాలపై వ్యాఖ్యలు లేకుండా, జరిగినది, ఆధారం, కోరిక అన్న మూడు అంశాలకు పరిమితం కావాలి. ఈ దిగువ నమూనాను సందర్భానుసారం మార్చుకోవచ్చు.

"శ్రీయుత ............ గారికి,
విషయం: ............ నెంబరు లారీపై ............ తేదీన జారీ అయిన ............ సంఖ్య గల చలానాపై అభ్యంతరం.
అయ్యా,
1. నేను పై లారీకి డ్రైవరును. నా లైసెన్సు సంఖ్య ............
2. పై చలానాలో ............ సెక్షన్ కింద ............ ఉల్లంఘన జరిగినట్లు పేర్కొన్నారు. ఈ ఆరోపణను నేను అంగీకరించడం లేదు.
3. చలానాలో పేర్కొన్న సమయానికి జరిగిన వాస్తవం: ............
4. ఇందుకు ఆధారంగా ఈ దిగువ పత్రాల నకళ్లు జతపరచడమైనది: (1) ............ (2) ............ (3) ............
5. ఈ చలానాకు ఆధారమైన ఫోటో, పరికరం కొలత, పరికరపు ధ్రువపత్రం లేదా కాటా చీటీ నకళ్లను ఇప్పించగలరు.
6. కావున పై ఆధారాలను పరిశీలించి చలానాను రద్దు చేసి, ఆ విషయం లిఖితపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను. రద్దు సాధ్యం కాదని భావించిన పక్షంలో కారణాలను తెలిపి, విషయాన్ని న్యాయస్థానానికి నివేదించవలసిందిగా మనవి.
తేదీ, సంతకం, చిరునామా, ఫోన్ నెంబరు."

అసలు పత్రాలు ఇవ్వరాదు. నకళ్లు మాత్రమే జతపరచాలి. స్వయంగా ఇస్తే రెండవ ప్రతిపై కార్యాలయ ముద్ర, తేదీ తీసుకోవాలి. పరాయి రాష్ట్రపు చలానా అయితే స్పీడ్‌పోస్టులో అందినట్లు రుజువు కోరుతూ పంపాలి. (రిజిస్టర్డ్ పోస్టు సేవ 01-09-2025 నుంచి స్పీడ్‌పోస్టులో విలీనమైనది.) పరికరపు ధ్రువపత్రం వంటి వివరాల కొరకు సమాచార హక్కు చట్టం-2005 కింద కూడా దరఖాస్తు చేయవచ్చు. సమాధానానికి 30 రోజుల వ్యవధి ఉన్నందున, దాని కొరకు వేచి ఉండి చలానా గడువును జారవిడువరాదు. అభ్యంతరం ముందు దాఖలు చేసి, సమాచారం అందిన తర్వాత అదనపు పత్రంగా సమర్పించడం సరైన పద్ధతి.

అభ్యంతరాన్ని తిరస్కరించినప్పుడు

తిరస్కరణతో హక్కు అంతరించదు. విషయం న్యాయస్థానానికి వెళ్తుంది. ఢిల్లీలో 2019 జూలైలో ప్రారంభమైన వర్చువల్ కోర్టు విధానం తర్వాత పలు రాష్ట్రాలకు విస్తరించినది. ఆ రాష్ట్రాల్లో చలానా అందిన మన లారీ డ్రైవరు వెబ్‌సైటులో రుసుము చెల్లించే మార్గాన్ని గానీ, కేసును వాదించే మార్గాన్ని గానీ ఎంచుకోవచ్చు. వాదించే మార్గాన్ని ఎంచుకుంటే కేసు ఆ పరిధిలోని సాధారణ కోర్టుకు బదిలీ అవుతుంది. అక్కడ స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ హాజరు కావలసి ఉంటుంది. ఆ ఖర్చును, చలానా వల్ల లైసెన్సుపై పడే ప్రభావాన్ని తూచి నిర్ణయించుకోవాలి.

లోక్ అదాలత్‌లలో కూడా రాజీకి వీలైన చలానాలు పరిష్కారమవుతున్నాయి. అయితే లోక్ అదాలత్ రాజీకి వేదికేగాని, నేరం జరిగినదా లేదా అన్న విచారణకు వేదిక కాదు; దాని అవార్డుపై అప్పీలు లేదు. షెడ్యూల్డు కులాలు, తెగల వారు, మహిళలు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు న్యాయ సేవాధికార సంస్థల ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు 15100 నెంబరుకు ఫోన్ చేయవచ్చు.

అధికారులకు, పాత్రికేయులకు

అభ్యంతర పత్రాన్ని స్వీకరించిన కార్యాలయం దానికి సంఖ్య కేటాయించి, ఫోటోను, వాహన రిజిస్ట్రేషన్ వివరాలను పోల్చి చూసి, కారణాలతో కూడిన సమాధానం ఇవ్వడం చట్ట అమలుకు బలం చేకూరుస్తుంది. "పరిశీలించి తిరస్కరించడమైనది" అన్న ఒక్క వాక్యం కోర్టులో నిలవదు. తప్పని తేలిన చలానాను ఆన్‌లైన్ రికార్డు నుంచి కూడా తొలగించాలి. లేనిపక్షంలో డ్రైవరుకు కాగితం మీద ఊరట లభించినా, ఫిట్‌నెస్ సమయంలో అదే చలానా మళ్లీ ఎదురవుతుంది. తప్పు చలానాలు నిలబడకపోతే నష్టపోయేది అధిక లోడుతో, మితిమీరిన వేగంతో నిజంగా ప్రాణాలకు ముప్పు తెచ్చేవారే.

వార్తల్లో 'చలానా', 'రాజీ రుసుము', 'జరిమానా', 'శిక్ష' అన్న మాటలను వాటి చట్టబద్ధమైన అర్థంలో వాడటం ద్వారా పాత్రికేయులు ప్రజల్లోని అపోహలను తొలగించగలరు. చలానా అందిన ప్రతి డ్రైవరూ నేరస్థుడు కాడు. అభ్యంతరం తెలిపిన ప్రతి డ్రైవరూ నిర్దోషీ కాడు. ఈ రెండింటి మధ్య తేడాను తేల్చేది కాగితం మీది ఆధారమే. సి-బుక్, కాటా చీటీ, ఫాస్టాగ్ లెక్క, తపాలా ముద్ర గల కవరు – ఈ నాలుగింటినీ లారీ క్యాబిన్‌లో ఒక సంచిలో భద్రపరచుకునే అలవాటు డ్రైవరుకూ, అతని అభ్యంతరాన్ని పరిశీలించే అధికారికీ సమంగా మేలు చేకూరుస్తుంది.